దోమలక్క, ఎర్ర పోగు

మంగళవారం పొద్దున ఏడు దాటాక తిరుత్తణి నుంచి ఫోను వచ్చింది. చేసింది నేతవీధిలో మూడో ఇంటి మామ. ఆయన ఎప్పుడు ఫోను చేసినా ముందు వాన పడిందా అని, తర్వాత రైలు సరిగ్గా నడుస్తోందా అని అడిగి గానీ అసలు సంగతికి రాడు. ఆ రోజు రెండూ అడగలేదు.

“అక్క పోయినాది అబ్బయ్యా. ఇప్పుడే, ఆరుకి. గుండె అని చెప్పినారు. మీ తిరువళ్ళూరు ఆస్పత్రిలోనే ఉండాది. కొడుకు ఆవడి నుంచి వస్తా ఉండాడు. వాడు చేరేదాకా నువ్వు పోయి కూర్చుంటావా?”

ఏ అక్క అని నేను అడగలేదు. నేతవీధిలో అక్కలు చాలామంది. ముందు వెనక ఏమీ తగిలించకుండా అక్క అంటే ఒక్కరే. మిగతా ఊరికి ఆమె దోమలక్క. తమిళం వాళ్ళు కొసు అక్కా అనేవాళ్ళు, అదీ అదే అర్థం. ఎవరైనా ఎగతాళికి అలా పిలిచినా ఆమె పలికేది. “పేరు పెట్టి పిలిస్తే ఎవరో ఏమో అనుకుంటారు. దోమలక్క అంటే ఎందుకొచ్చినానో ముందే తెలిసిపోతుంది. నాకు మాట మిగులుతుంది” అనేది.

ఆమె చేసిన పని చెప్తాను. ఇల్లిల్లూ తిరిగి నిలవ నీళ్ళలో దోమ పురుగులున్నాయేమో చూడడం. ఊరి ఆరోగ్య విభాగం రోజుకూలికి పెట్టుకున్న ఆడవాళ్ళలో ఒకరు. చేతిలో ఒక టార్చిలైటు, ఒక గరిటె, ఒక పాత డబ్బా తాలూకు తెల్ల ప్లాస్టిక్ మూత. డ్రమ్ములోంచి గరిటెడు నీళ్ళు తీసి తెల్ల మూతలో పోస్తే, పురుగులుంటే కామాల్లాగా మెలికలు తిరుగుతూ కనబడతాయి. అంతకుముందు ఆమె ముప్పై ఏళ్ళు మగ్గం నేసింది. భర్త పోయాక, ఒక్కదానివల్ల మగ్గం సాగక, ఈ పనికి వచ్చింది.

నేను పనిచేసింది తమిళ పత్రికలో. ఆమె తమిళం ధారాళంగా మాట్లాడేది, చదవడం రాదు. చిన్నప్పుడు తెలుగు బడిలో అయిదు దాకా చదివింది. ఆమె గురించీ, ఆమె పని గురించీ నేను రాసిన వార్తలు ఏవీ ఆమె స్వయంగా చదవలేదు. ఎవరో చదివి చెప్పాలి. ఇది మాత్రం తెలుగులో రాస్తున్నాను. ఇంత ఆలస్యంగా రాయడం నా తప్పే.

ఆమెను మొదట చూసింది కొన్నేళ్ళ కిందట, తమిళుల ఐప్పసి నెలలో, వానల కాలంలో. తిరుత్తణిలో ఆ ఏడు జ్వరాలు ఎక్కువగా ఉన్నాయి. బస్టాండు దగ్గర జ్వరాలకని నిలవేంబు కషాయం పోస్తున్నారు. నేతవీధిలో ఇంటికొకరు మంచం మీద ఉన్నారని విని, ఆరోగ్య ఇన్‌స్పెక్టరుతో కలిసి తిరగడానికి తిరువళ్ళూరు నుంచి పొద్దున రైలుకు వెళ్ళాను. ఇన్‌స్పెక్టరు తమిళం ఆయన, చిన్న వయసు, ఓపిక గల మనిషి. ఆయన వెనక ఈమె.

మూడో ఇల్లు. అరుగు దాటితే మగ్గం గది. మగ్గం పక్కన పెద్ద తొట్టిలాంటిది ఏదో, దాని మీద చెక్క, చెక్క మీద దుప్పటి, దుప్పటి మీద ఎనభై ఏళ్ళ అవ్వ కూర్చుని ఆకుకూర బాగు చేస్తోంది. ఇన్‌స్పెక్టరు తమిళంలో, కొంచెం లేవండి పాట్టీ, చూసి వెళ్తాం అన్నాడు.

“మోకాళ్ళు” అంది అవ్వ, తలెత్తకుండా.

“మా అమ్మకు మోకాళ్ళు పట్టేసినాయి సార్” అన్నాడు మామ. “ఒకసారి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవలేదు.”

ఇన్‌స్పెక్టరు మా అక్క వైపు చూశాడు. ఆమె అవ్వ వైపు చూసింది. మామ ఆమెకు వరసకు బావ. “తర్వాత చూస్తాము సార్” అంది. పక్కింటికి పోయాం.

నేనూ అక్కడే ఉన్నాను. నాకు కనబడింది మోకాళ్ళ నొప్పి ఉన్న ముసలమ్మ. వీధి చివర మురిక్కాలువ కంపు కొడుతూ కనబడింది. దాని ఫోటో తీసుకున్నాను. మర్నాడు నా వార్త వచ్చింది, కాలువే జ్వరాలకు కారణమన్నట్టుగా. వార్త వచ్చాక రెండు రోజుల్లో కాలువ శుభ్రమైంది. వీధి వాళ్ళు నాకు ఫోను చేసి మెచ్చుకున్నారు. నేనూ సంతోషించాను.

జ్వరాలు తగ్గలేదు. ఆ వారం తిరగకముందే మూడో ఇంటి మామ మనవరాలు, తొమ్మిదో తరగతి పిల్ల, డెంగీతో తిరువళ్ళూరు ఆస్పత్రిలో చేరింది.

నేను వెళ్ళేసరికి వార్డు బయట బెంచీ మీద ఆ చివర మామ, ఈ చివర అక్క. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. నేను ఆ ఖాళీలో కూర్చున్నాను. లోపల పిల్లకు రక్తకణాలు పడిపోతున్నాయని, రేపటిదాకా ఏమీ చెప్పలేమని డాక్టరు చెప్పి వెళ్ళాడు.

అక్క అంది, “ఆ పొద్దు అవ్వను లేపి ఉండాల.”

“లేపి ఉంటే నేను నిన్ను లోపలికి రానిచ్చి ఉండను” అన్నాడు మామ, నేల చూస్తూ.

“తెలుసు. అందుకే లేపలా. అదే తప్పు.”

అప్పుడు విషయం బయటికొచ్చింది. అవ్వ కూర్చున్నది నూలు తొట్టి మీద. కొత్త నూలుకు రంగు పట్టాలంటే ముందు కొన్ని రోజులు నీళ్ళలో నాననివ్వాలి. ఆ నీళ్ళు మురికి నీళ్ళు కావు. డెంగీ దోమకు కావలసిందీ అలాంటి నీళ్ళే, ఇంటి నీడలో, కదలకుండా. నీళ్ళు కొంచెం మార్చినా తొట్టి గోడలకు అంటుకున్న గుడ్లు అలాగే ఉంటాయి. చెకింగ్ వాళ్ళు ఆ తొట్టిలో మందు వేస్తే నూలు పాడై రంగు తేలిపోతుందని వీధిలో ఒక భయం. అందుకని ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే ప్రతి ఇంటా తొట్టి మాయం. కొందరు చీరలు కప్పారు. ఒకరు గదికి తాళం వేసి తాళంచెవి పోయిందన్నారు. మామ వాళ్ళ అమ్మను కూర్చోబెట్టాడు.

ముప్పై ఏళ్ళు మగ్గం నేసిన మనిషికి ఇవన్నీ తెలియకుండా ఉంటాయా? చూసింది, గుర్తుపట్టింది, చుట్టరికానికి లొంగి ఊరుకుంది. పిల్లను కుట్టిన దోమ ఏ ఇంటి నీళ్ళలో పుట్టిందో ఎవరూ చెప్పలేరు. నేనూ చెప్పను. ఆమెకు ఆ మాట నేను అప్పుడూ చెప్పాను, తర్వాతా చెప్పాను. “నీకు రుజువు కావాల తమ్ముడా, పేపరు వాడివి” అనేది. “నాకు అవసరం లేదు. నేను ఆ గదిలో ఉండినాను.”

బెంచీ మీదే నేను నోటు పుస్తకం తీశాను. తొట్లు దాచిన ఇళ్ళ వివరాలు అడిగాను. ఆమె చెప్పలేదు.

“ఇళ్ళ పేర్లు పేపర్లో వేస్తావు. నోటీసులు వస్తాయి. అంతే కదా?”

“నిజం రాయాలి గదక్కా.”

“రాయి. తొట్లు ఉండాయి, పురుగులు ఉండాయి, అది రాయి. ఎవరి ఇల్లు అని రాస్తే ఇంకో తూరి ఒక్కరు తలుపు తియ్యరు. అప్పుడు నీకు రాసేదానికీ ఉండదు, నాకు చూసేదానికీ ఉండదు.” “ముందు ఆ కాలువ సంగతి సరిచేయి. నువ్వు రాసినావని వీధంతా నమ్మినారు. కాలువ బాగైంది, ఇంక మాకేమని నిమ్మళంగా నిద్రపోయినారు. మా అగత్యం తీరిపోయినట్టు చేసినావు” అంది.

కోపంగా అనలేదు. అందుకే తగిలింది. మర్నాడు రాసిన వార్తలో, ముందటి వార్తలో కాలువను కారణంగా చూపడం పొరపాటని ఒక వాక్యం చేర్చాను. ఇళ్ళ పేర్లు వేయలేదు. పాతికేళ్ళకు పైగా ఈ పనిలో ఉన్నాను. నాకు తెలిసిన వివరాన్ని కావాలని పక్కన పెట్టిన సందర్భాలు చాలా తక్కువ. వాటిలో ఇదొక్కటే నన్ను తర్వాత ఇబ్బంది పెట్టలేదు.

మూడో రోజుకు పిల్ల తేరుకుంది. వారానికి ఇంటికొచ్చింది.

ఆ తర్వాత జరిగిన దాన్ని సరిగ్గా చెప్పాలంటే ఆ వీధి పద్ధతి ఒకటి చెప్పాలి. మగ్గం ఎక్కించే ముందు పడుగు నూలుకు గంజి పెడతారు. పొద్దు పొడిచేవేళ వీధి పొడవునా పడుగు సాగదీసి కట్టి, గంజి పట్టించి, ఎండ ముదిరేలోపు కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. ఇంటి మనుషులు చాలరు. ఈ రోజు మీ పడుగుకు మేము, రేపు మా పడుగుకు మీరు. కూలి లేదు. ఇంకొకటి, ఆరేటప్పుడు తెగిన పోగులు వెతికేది పడుగు సొంతదారు కాదు, పక్కింటి వాళ్ళు. సొంతదారుకు తొందర ఎక్కువ, తెగింది చూసీ చూడనట్టు పోతాడు. అందుకని ఆ పని ఆయనకివ్వరు. ఇప్పుడు చుట్టుపక్కల కరెంటు మగ్గాలు ఎక్కువయ్యాయి. ఆ వీధిలో మాత్రం కొన్ని ఇళ్ళు ఇంకా ఇలా చేస్తున్నాయి.

పిల్ల ఇంటికొచ్చిన రెండో రోజు మామ వాళ్ళ పడుగు వీధిలో ఉంది. అటూ ఇటూ జనం నిలబడి దువ్వుతున్నారు. అక్క కూడా కుంచె పట్టుకుని మధ్యలో ఉంది. నేను అరుగు మీద ఉన్నాను, పిల్లను చూసి పోదామని వచ్చి.

“బావా” అంది అక్క, చెయ్యి ఆపకుండా. “ఈ పడుగులో తెగిన పోగులు నువ్వే చూసుకోరాదా? మేమెందుకు?”

“ఏమ్మే, ఈ పొద్దే కొత్తగా వచ్చినావా వీధికి?”

“చెప్పు, ఎందుకు చూసుకోవు?”

“నాకు కనబడవు కాబట్టి.”

“నీ తొట్టిలో పురుగులు మాత్రం నీకు కనబడతాయా?”

దువ్వే చేతులు ఆగాయి. మామ ముఖం ఎర్రబడింది. ఆయన ఏదో అనేలోపు లోపలి నుంచి అవ్వ గొంతు వినబడింది. “నా మోకాళ్ళు బాగానే ఉండాయి. నన్ను దాని మీద కూర్చోబెట్టింది ఎవరు? అది కూడా చెప్పురా.”

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు, చివరికి మామ కూడా. ఆ నవ్వు లేకపోయుంటే ఏమయ్యేదో నాకు తెలియదు.

అక్క అడిగింది ఇంతే. గురువారం గురువారం ప్రతి ఇంటివాళ్ళూ పక్కింటి నీళ్ళు చూడాలి, తమవి కాదు. తొట్టిలో మందు వేయొద్దు, సరే. నూలు తీసి, నీళ్ళన్నీ పారబోసి, కొబ్బరి పీచుతో తొట్టి గోడలు గట్టిగా రుద్ది, మళ్ళీ నీళ్ళు పోసి, పైన గుడ్డ బిగించి కట్టాలి. పురుగులు లేకుంటే ఆ ఇంటి గొళ్ళేనికి తెల్ల పోగు కట్టాలి, ఉంటే ఎర్ర పోగు. మగ్గం ఇంట్లో తెగిన పోగులకు కరువా?

“ఎర్ర పోగు ఉంటే వీధిలో మానం పోదా?” అని ఒకామె అడిగింది.

“వారమే కదమ్మా. వచ్చే గురువారం తెల్లది కట్టుకో.”

“మందు వేసినా నూలుకు ఏమీ కాదని పోయిన వారం నువ్వే ఒక చిలప నూలు నానబెట్టి చూపించినావు కదక్కా. మళ్ళీ మందు వద్దంటావే?” అన్నాడు ఇంకొకతను.

“చూపించినా. ఈ పొద్దు బాగుండాది, ఆర్నెల్లకు ఏమవుతాదో అని మీ అన్నే అన్నాడు. ఆర్నెల్లు మీతో వాదన పెట్టుకుంటే అప్పుడికి ఇంకో ఇద్దరు ఆస్పత్రిలో ఉంటారు. మందు వద్దు. చేతులు ఉండాయి, పీచు ఉండాది.”

ఇన్‌స్పెక్టరును ఒప్పించింది కూడా ఆమే. నోటీసులు కొన్నాళ్ళు ఆపమని, ఈలోగా ప్రతి గురువారం సాయంత్రం లెక్క తానే తెచ్చిస్తానని చెప్పింది. ఆయన ఒప్పుకున్నాడు. ఆ లెక్క పుస్తకం నేను చూశాను. తమిళ మాటలు, తెలుగు అక్షరాలు. ఆయనకు ఆ అక్షరాలు రావు. ఆమె చదివి చెప్తుంటే ఆయన తన ఫారంలో నింపుకునేవాడు. ఒకసారి ఆయన, ఇంత కష్టమెందుకు, నేనే తెలుగు నేర్చుకుంటా అన్నాడు. “వద్దు సార్. అప్పుడు నా పుస్తకం మీరే చదువుకుంటారు, నన్ను కూర్చోబెట్టి కాఫీ ఇవ్వరు” అంది.

మొదటి గురువారం నేను ఉన్నాను. అక్క ఇల్లు చూడాల్సిన వంతు పక్కనే ఉన్న మామది. ఆయన ఆ రోజు ఉత్సాహంగా ఉన్నాడు. డ్రమ్ము చూశాడు, బిందెలు చూశాడు, పాత నూలు తొట్టి చూశాడు. ఏమీ లేదు. ముఖం చిన్నబోయింది. పోబోతూ వెనక్కి వచ్చి ఫ్రిజ్జును ముందుకు జరిపి, దాని వెనక కింద నీళ్ళు కారే ప్లాస్టిక్ ట్రే బయటికి లాగాడు. తెల్ల మూతలో పోశాడు. నాలుగు పురుగులు.

వీధి వీధంతా ఆ గుమ్మంలో ఉంది. దోమలక్క ఇంట్లో దోమ పురుగులు. మామ ఏం చేయాలో తెలియక మూత పట్టుకుని నిలబడ్డాడు.

“ఏమి బావా, చూస్తా నిలబడినావు? ఎర్రది కట్టు” అంది అక్క. ఆయన కదలకపోతే తనే లోపలికి పోయి ఎర్ర పోగు తెచ్చి తన తలుపు గొళ్ళేనికి కట్టింది, రెండు ముళ్ళు వేసి. “ఊరంతా తిరిగి చూసినా, నా ఇంట్లో నాకు కనబడలా. ఇంక ఎవురూ సిగ్గుపడే పని లేదు” అంది.

ఆ వీధిలో మొదటి ఎర్ర పోగు అదే. ఆ రోజు సాయంత్రానికి ఇంకా కొన్ని గొళ్ళేలకు కనబడ్డాయి. ఎవరూ తెంపుకోలేదు.

తర్వాతి నెలల్లో అంతా సాఫీగా సాగిందని రాస్తే అబద్ధం. రెండిళ్ళ మధ్య పాత గొడవ ఉండి, ఒకరు ఇంకొకరికి పనిగట్టుకుని ఎర్రది కడుతున్నారని పంచాయితీ వచ్చింది. అక్క జతలు మార్చింది. ఒక ఇంటివాళ్ళు మొహమాటానికి చూడకుండానే తెల్లది కట్టారు. అది తెలిసి ఆమె వాళ్ళతో రెండు వారాలు మాట్లాడలేదు. ఎర్ర పోగు కట్టిన ఇంటికి ఆమె పోయి కాఫీ తాగేది. ఉత్తుత్తి తెల్ల పోగు కట్టిన ఇంటి ముందు నుంచి పలకరించకుండా పోయేది. ఆ తేడా వీధికి త్వరగానే అర్థమైంది.

ఆమె అలవాట్లు కొన్ని చెప్తాను. ఎవరింటికి పోయినా మొదటి మాట “ఏమి కూర?” అనే. చెకింగ్ అనే మాట గుమ్మం దగ్గర వాడేది కాదు. నీళ్ళు చూడకముందు ఆ ఇంట్లో ఏమీ ముట్టేది కాదు, చూశాక ఏమి పెట్టినా వద్దనేది కాదు. డ్రమ్ము మూత తీసేటప్పుడు లోపల ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా తీసేది. నీడ పడితే పురుగులు అడుక్కి పోతాయని చెప్పేది. జ్వరం వచ్చిన ఇంటికి పోతే ముందు మనిషి దగ్గర కూర్చునేది, నీళ్ళ దగ్గరికి తర్వాత.

నేతవీధి తర్వాత వేరే వీధులు అడిగాయి. పోగు పద్ధతి అలాగే చేయమని ఆమె ఎవరికీ చెప్పలేదు. పూలు కట్టే ఆడవాళ్ళున్న వీధిలో వాళ్ళు పూల నారతో గుర్తు పెట్టుకున్నారు. స్టేషను దగ్గర అద్దె ఇళ్ళ వరసలో, అక్కడ మనుషులు తరచు మారుతుంటారు కాబట్టి, ఇంటి ఓనరమ్మలు నీళ్ళొచ్చే రోజును పట్టుకున్నారు. నీళ్ళొచ్చే ముందు డ్రమ్ములన్నీ రుద్ది బోర్లించి ఉండాలి, లేకుంటే కొళాయి దగ్గర వరస లేదు. ఒక కాలనీలో మాత్రం ఏదీ కుదరలేదు. గేట్లు తీసేవాళ్ళు లేరు, ఒకరి ఇల్లు ఇంకొకరు చూడడం వాళ్ళకు నచ్చలేదు. అక్క మూడుసార్లు పోయి ఊరుకుంది. “వాళ్ళు కలిసి చేసే పని ఏదో ఒకటి ఉంటుంది. నాకు దొరకలా” అంది. వాళ్ళను ఎప్పుడూ తిట్టలేదు.

ఒకసారి తిరువళ్ళూరులో అధికారుల సమావేశానికి పిలిచారు. తెరమీద బొమ్మలు వేసి పెద్దవాళ్ళు మాట్లాడాక ఆమె వంతు వచ్చింది. ఒక అధికారి మర్యాదగానే, మీ మోడల్ ఏమిటో చెప్పండమ్మా అని తమిళంలో అడిగాడు. ఆమె లేచి, “మోడల్ ఏమీ లేదు సార్. మేము పక్కింటి వాళ్ళం” అంది. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. కూర్చోకుండా ఇంకో మాట అంది. “మీరు మందు పంపిస్తారు, మనుషుల్ని పంపిస్తారు. అవి కావాల. వద్దనను. కానీ తలుపు తీసేది మేము. మేము తియ్యకపోతే మీరు పంపించిందంతా వీధిలో నిలబడి ఉంటుంది.”

ఆ సమావేశం గురించి రాసినప్పుడు నేను శీర్షికగా ఈ చివరి మాట పెట్టమన్నాను. డెస్కులో మార్చారు.

ఆ వీధిలో జ్వరం పూర్తిగా పోయిందని రాయను. తర్వాతి ఐప్పసిలోనూ ఒకరిద్దరికి వచ్చింది. వచ్చిన రోజే చెప్పారు, వచ్చిన రోజే ఆస్పత్రికి పోయారు, ఆ ఇంటికి ఇరువైపులా ఉన్నవాళ్ళు మధ్యాహ్నంలోపు నీళ్ళన్నీ పారబోశారు. తలుపు తట్టినప్పుడు తొట్టి మీద ఎవరూ కూర్చుని లేరు. ఇది నేను చూశాను. మామ మనవరాలు ఇప్పుడు కాలేజీకి పోతోంది. ఇది కూడా చూశాను. ఇంతకంటే ఎక్కువ చెప్పడానికి నా దగ్గర ఆధారం లేదు, ఇది తక్కువ అని మాత్రం నేననుకోను.

మంగళవారం నేను ఆస్పత్రికి చేరేసరికి ఆమెను వార్డు చివరికి మార్చి దుప్పటి కప్పారు. పదిహేను రోజులుగా అక్కడ ఉందని నాకు తెలియదు. ఎవరికీ చెప్పొద్దందట. నర్సు ఒక గుడ్డసంచి ఇచ్చింది. అందులో కళ్ళద్దాలు, ఇంటి తాళంచెవి, టార్చిలైటు. ఆస్పత్రికి టార్చిలైటు ఎందుకు తెచ్చుకుందని అడిగాను. ఆ నర్సు నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూనే. “మొదటి వారం బాగానే నడిచారు. పూలకుండీల కింద ప్లేట్లన్నీ బోర్లింపించారు మా చేత.”

కొడుకు వచ్చాడు. సాయంత్రానికి తిరుత్తణి చేర్చారు. అంత్యక్రియలు బుధవారం అయ్యాయి.

మర్నాడు గురువారం. నేను ఉండిపోయాను. పొద్దున తొమ్మిదికి వీధిలో గరిటెలు, తెల్ల మూతలు బయటికొచ్చాయి. ఇల్లిల్లూ చూస్తూ వచ్చారు. అక్క ఇంటి ముందు అందరూ ఆగారు. ఆమె ఆస్పత్రిలో ఉన్న రెండు గురువారాలూ ఆ ఇంటికి తాళం ఉంది, గొళ్ళేనికి ఏ పోగూ లేదు. ఇప్పుడు తలుపు తెరిచి ఉంది. లోపల చుట్టాలున్నారు. ఈ వారం వదిలేద్దామని ఎవరో అన్నారు.

“ఈమె ఇల్లు నా వంతు” అన్నాడు మామ. చెప్పులు విడిచి లోపలికి పోయాడు.

ఫ్రిజ్జు వెనక ట్రే ముందు చూశాడు. పొడిగా ఉంది. ఆస్పత్రికి పోయే ముందు తుడిచిపెట్టి పోయినట్టుంది. నూలు తొట్టి బోర్లించి ఉంది. పెరట్లో డ్రమ్ము మిగిలింది. మూత ఉంది, కానీ గాలికో పిల్లికో కొంచెం పక్కకు జరిగింది. మామ టార్చి కోసం చెయ్యి చాపాడు. కొడుకు సంచిలోంచి తీసి ఇచ్చాడు. గరిటెడు నీళ్ళు తెల్ల మూతలో పడ్డాయి.

మామ మూతను ఎండలోకి తెచ్చి చూశాడు. నాకు చూపించాడు. కొడుక్కి చూపించాడు. నీళ్ళలో సన్నగా మెలికలు తిరుగుతున్నాయి.

“మామా” అన్నాడు కొడుకు. “ఈ ఒక్క వారం తెల్లది కట్టెయ్యి. చూసేదానికి ఊరంతా వస్తా ఉండారు.”

మామ మూతలో నీళ్ళు ఎండలో ఒంపేశాడు. డ్రమ్ము వంచి నీళ్ళన్నీ పెరట్లో ఎండ నేల మీద పారబోశాడు. పీచు అడిగి తీసుకుని, లోపలికి వంగి గోడలు రుద్దాడు, చాలాసేపు. బోర్లించాడు. చేతులు తుడుచుకుని అప్పుడన్నాడు.

“తెల్లది కడితే మీ అమ్మ లేచి వచ్చి తిడుతుంది. ఆ తిట్లు నేను పడలేను.”

ముందుకొచ్చి, జేబులోంచి ఎర్ర పోగు తీసి, గొళ్ళేనికి కట్టాడు. రెండు ముళ్ళు వేశాడు.

నేను మధ్యాహ్నం రైలు దాకా ఎదురు అరుగు మీద కూర్చున్నాను. పలకరింపుకు జనం వస్తూనే ఉన్నారు, పూల వీధి నుంచి, స్టేషను దగ్గర నుంచి, ఆర్.కె.పేట నుంచి కూడా. గుమ్మం దగ్గర ప్రతి ఒక్కరూ ఒక క్షణం ఆగి గొళ్ళేన్ని చూసి లోపలికి పోతున్నారు. గాలి వచ్చినప్పుడల్లా ఆ పోగు కొస కదులుతోంది. వీధిలో అటూ ఇటూ ఉన్న తలుపులకు తెల్లవి, ఆ ఒక్క తలుపుకు ఎర్రది.